పీఎస్‌పీకి వీడియో మార్చడం – 3వ పాఠం: తెర కొలత, బిట్‌రేట్

సోనీ వాళ్ల చేతి గేమ్ పరికరం పీఎస్‌పీలో ఆడేలా వీడియోల్ని మార్చడం నేర్చుకుంటున్నాం కదా, పోయిన పాఠంలో అందుకు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకున్నాం. ఎంపీ4 అనేది పైన కట్టిన మూట మాత్రమే, లోపల బొమ్మని ఏ పద్ధతిలో కుదించారన్నదే అసలు సంగతి అని కూడా చూశాం. కుదించే పద్ధతి బొమ్మకి హెచ్.264, శబ్దానికి ఏఏసీ అని నిర్ణయించుకున్నాం కదా, ఇక అటు వెళ్లక్కర్లేదు. ఈరోజు కొలతలు. ఎక్కువమంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు కాబట్టి నెమ్మదిగా వెళ్దాం.

మీ దగ్గరున్న ఫైలు ఎంత గొప్పదన్నది కాసేపు పక్కన పెట్టి, ముందు తెర గురించి ఆలోచించండి. పీఎస్‌పీ తెర అడ్డంగా 480, నిలువుగా 272 పిక్సెళ్లు. గుణిస్తే 1,30,560. ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక్కో ఫ్రేములో 20,73,600 ఉంటాయి, అంటే దాదాపు 16 రెట్లు. మీరు ఎంత మంచి ఫైలు తెచ్చినా చివరికి పదహారు పిక్సెళ్లు కలిసి ఒక్కటి కావాల్సిందే, ఆ పని కంప్యూటర్‌లో మనం చేయాలి, ఎందుకంటే పీఎస్‌పీ అంత పెద్ద వీడియోని అసలు తీసుకోదు. 2007లో వచ్చిన 3.30 ఫర్మ్‌వేర్ (పీఎస్‌పీని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) నుంచి 720×480 దాకా ఒప్పుకుంటుంది, కానీ టీవీకి కలిపి చూసేవాళ్లకి తప్ప (2000 మోడల్ నుంచి ఆ వసతి ఉంది) దానితో లాభం లేదు. చేతిలో పట్టుకుని చూడ్డానికి 480×272 పెట్టుకోండి, అంతే.

హ్యాండ్‌బ్రేక్‌లో డైమెన్షన్స్ ట్యాబ్ తెరవండి. అనమార్ఫిక్ అన్నచోట ఆఫ్ (లేదా నన్) పెట్టండి. లేకపోతే పిక్సెళ్లు చతురస్రంగా కాకుండా సాగదీసిన లెక్కలో నమోదై, తెర మీద మొహాలు సన్నగానో వెడల్పుగానో కనిపించే ప్రమాదం ఉంది. తర్వాత, అన్ని వీడియోలూ ఒకే ఆకారంలో ఉండవు. 2.35:1 నిష్పత్తిలో తీసిన సినిమాని 480 వెడల్పుకి తగ్గిస్తే ఎత్తు 204 వస్తుంది, మిగిలిన 68ని పైన 34, కింద 34 నల్ల పట్టీలుగా నింపాలి. పాత 4:3 వీడియో అయితే ఎత్తు 272 ఉంచి వెడల్పు 362 చేసి, రెండు పక్కలా 59 చొప్పున పట్టీలు. కొత్త వెర్షన్లలో ఇదే ట్యాబ్‌లో బోర్డర్స్ అని ఉంటుంది, అక్కడ నింపొచ్చు. తెర నిండాలని బొమ్మని సాగదీయకండి, దయచేసి. పట్టీలు రెండు నిమిషాల్లో అలవాటైపోతాయి, సాగిన మొహాలు సినిమా అయిపోయేదాకా ఇబ్బంది పెడతాయి.

ఇప్పుడు బిట్‌రేట్. సెకనుకి ఎన్ని బిట్లు ఖర్చు పెడుతున్నామన్నదే ఇది, ఫైలు ఎంత బరువుంటుందో దాదాపు దీన్ని బట్టే తేలుతుంది. లెక్క ఒకసారి చేతితో చేసి చూడండి, జన్మలో మర్చిపోరు: బొమ్మకి 768, శబ్దానికి 128, మొత్తం 896 కిలోబిట్లు. 8తో భాగిస్తే సెకనుకి 112 కిలోబైట్లు. రెండు గంటల సినిమా అంటే 7,200 సెకన్లు, గుణిస్తే సుమారు 806 ఎంబీ. అంటే పీఎస్‌పీలో పెట్టే 2 జీబీ మెమరీ కార్డులో అలాంటి సినిమాలు రెండు పడతాయి. ఈ చిన్న తెరకి 768 చాలా బాగుంటుంది అని నా అభిప్రాయం, మాటలే ఎక్కువున్న వీడియోకి 500 కూడా సరిపోతుంది, వర్షం, జనసమూహం, వేగంగా కదిలే కెమెరా ఉన్నవాటికి మాత్రం 1000 దాకా వెళ్లండి. కదలిక ఎక్కువైతే ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ పోలిక తగ్గిపోతుంది, దాచుకోవాల్సిన సమాచారం పెరుగుతుంది, బిట్లు చాలకపోతే బొమ్మ గళ్లు గళ్లుగా విరుగుతుంది.

ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములన్నది: సినిమాలకి అసలు ఫైలులో ఉన్నదే ఉంచండి. ఫోన్‌లో 60 ఫ్రేములతో తీసినవైతే 29.97కి తగ్గించి, కాన్‌స్టంట్ అని ఎంచుకోండి. ఫోన్లు చాలావరకు ఫ్రేమ్ రేటుని మారుస్తూ రికార్డు చేస్తాయి, అలాగే వదిలేస్తే పెదాలకీ మాటలకీ పొత్తు కుదరకపోవచ్చు. ఆడియో స్టీరియో.

ఇంకొక్కటి, ఇది తెలియక నేను ఒక పూర్తి సినిమా రాత్రంతా మార్చి, పొద్దున పీఎస్‌పీలో పెడితే అన్‌సపోర్టెడ్ డేటా అని వచ్చింది. ఫైలు కంప్యూటర్‌లో చక్కగా ఆడుతోంది, పొరపాటు ఎక్కడో అర్థం కాక చాలా టెన్షన్ పడ్డాను. కారణం బీ-పిరమిడ్ అనే సెట్టింగ్. హెచ్.264లో ముందు వెనక ఫ్రేముల్ని చూసి తయారయ్యే బీ ఫ్రేములుంటాయి, వాటిని మళ్లీ ఇంకో బీ ఫ్రేముకి ఆధారంగా వాడుకోవడమే ఆ పిరమిడ్. అది పీఎస్‌పీకి నడవదు. వీడియో ట్యాబ్‌లో అదనపు ఆప్షన్ల గడిలో b-pyramid=none అని రాయండి, ప్రొఫైల్ మెయిన్, లెవెల్ 3.0 ఎంచుకోండి.

అందుకే పూర్తి సినిమా ఎప్పుడూ మొదటే మార్చకండి. రేంజ్ అన్నచోట సెకన్లు ఎంచుకుని, బాగా కదలిక ఉన్న ఒక్క నిమిషం మాత్రం మార్చండి. కార్డు తెరవగానే కనిపించే చోట, వేరే ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా, ఇంగ్లిష్ పెద్ద అక్షరాలతో వీడియో (VIDEO) అనే ఫోల్డర్ చేసి అందులో వేయండి, ఫైలు పేరు చివర ఎంపీ4 అనే ఉండాలి, ఎం4వీ అని వస్తే పేరు మార్చండి.

వచ్చే పాఠంలోపు అదే నిమిషాన్ని 500, 768, 1000తో మూడుసార్లు మార్చి, పీఎస్‌పీలోనే, చేతిలో పట్టుకునే దూరంలోనే చూడండి. మూడింట్లో మీకు తేడా ఎక్కడ ఆగిపోయిందో రాసి పెట్టుకోండి. సబ్‌టైటిల్స్‌ని బొమ్మలో కలిపేయడం ఆ అంకెతోనే మొదలుపెడదాం, అక్షరాల అంచులకి ఇంకొంచెం బిట్లు కావాలి.