ఆర్గాన్ తరవాత, ముందు హైడ్రోజన్

ఎమ్మెస్సీ ప్రాజెక్టు పట్టుకుని మా మేనకోడలు ముక్తేశ్వరం రేవులో పంటెక్కి కోటిపల్లి వచ్చింది. "మావయ్యా, తక్కువ శక్తి ఎలక్ట్రాన్ ఆర్గాన్‌ను గుద్దుకుంటే క్రాస్ సెక్షన్ ఎంతో లెక్కగట్టాలి" అంది. క్రాస్ సెక్షన్ అంటే ఎలక్ట్రాన్ ఢీకొని చెదిరే అవకాశాన్ని చెప్పే విస్తీర్ణం. ముందు హైడ్రోజన్ చెయ్యమన్నాను. దాని జవాబు ఎప్పుడో తేలిపోయింది కనక, మన తప్పు మనకే దొరుకుతుంది.

మొదట అటామిక్ యూనిట్లలోకి, అంటే పరమాణువు లెక్కలకి అనువైన కొలమానాల్లోకి మారండి. శక్తికి అందులో కొలమానం హార్ట్రీ, 1 హార్ట్రీ అంటే 27.2114 ఎలక్ట్రాన్ వోల్టులు. శక్తిని హార్ట్రీల్లో రాసి, రెట్టింపు చేసి వర్గమూలం తీస్తే వేవ్ నంబరు. 1 ఎలక్ట్రాన్ వోల్టుకి అది 0.271, తరంగదైర్ఘ్యం సుమారు 23 బోర్ వ్యాసార్ధాలు (పొడవుకి అందులో కొలమానం, క్లుప్తంగా బోర్), పరమాణువు కన్నా బాగా పెద్దది. రేవులో చూడండి, పంటు లేపిన పెద్ద అల పాతిన వెదురుగడను లెక్కచెయ్యదు, గాలికి లేచే చిరు అలే దాని దగ్గర చెదురుతుంది. అందుకే ఇక్కడ కోణీయ ద్రవ్యవేగం సున్నా ఉన్న ఎస్-వేవ్‌తో మొదలెడితే చాలు.

హైడ్రోజన్ స్టాటిక్ పొటెన్షియల్‌తో (పరమాణువు మారకుండా ఉందనుకుంటే ఎలక్ట్రాన్ మీద దాని ప్రభావం) రేడియల్ సమీకరణాన్ని, అంటే దూరంతో వేవ్ ఫంక్షన్ ఎలా మారుతుందో చెప్పేదాన్ని, అడుగడుగునా విలువ కట్టే న్యూమరోవ్ పద్ధతిలో, ఒక్కో అడుగు (స్టెప్) 0.01 బోర్‌గా నడపండి. కేంద్రం దగ్గర పొటెన్షియల్ అనంతానికి పోతుంది, అక్కణ్ణించి మొదలెట్టకండి. మొదటి రెండు బిందువుల్లో వేవ్ ఫంక్షన్ విలువగా 'దూరం మైనస్ దూరం వర్గం' ఇచ్చి బయల్దేరండి. పొటెన్షియల్ చచ్చిపోయిన చోట (అదే మన హద్దు) రెండు బిందువులు తీసుకుని సైన్, కొసైన్‌లతో పోలిస్తే ఫేజ్ షిఫ్ట్, అంటే పరమాణువు వల్ల అల ఎంత జరిగిందో, వస్తుంది. అడుగు సగం చేసినా, హద్దు రెట్టింపు చేసినా నాలుగో దశాంశం కదలకూడదు.

ఈ హద్దు దగ్గరే నేను చదువుకునే రోజుల్లో మూడు సాయంత్రాలు తగలేశాను. స్టాటిక్ పొటెన్షియల్‌కి 10 బోర్లు చాలు. పోలరైజేషన్ (వచ్చే ఎలక్ట్రాన్ పరమాణువు ఆకారాన్ని కాస్త మార్చడం) కలిపాక పొటెన్షియల్ తోక దూరం నాలుగో ఘాతంతో మాత్రమే తగ్గుతుంది. నేనేమో పాత హద్దే ఉంచి, కోడ్‌ను తిట్టుకున్నాను.

ఇక ఎక్స్ఛేంజి. వచ్చే ఎలక్ట్రాన్, ఉన్న ఎలక్ట్రాన్ ఒకేలాంటివి కనక సింగ్లెట్ (రెంటి స్పిన్‌లు ఎదురెదురు), ట్రిప్లెట్ (స్పిన్‌లు ఒకే దిక్కు) విడివిడిగా చెయ్యాలి. ఈ పదంలో మనం వెతికే ఫంక్షనే ఇంటిగ్రల్ లోపల కూర్చుంటుంది. ఒక ఊహ పెట్టి, మార్పు ఆగేదాకా తిప్పుతూనే ఉండాలి. వేవ్ నంబరు 0.1 దగ్గర స్టాటిక్-ఎక్స్ఛేంజి లెక్క సింగ్లెట్‌కి సుమారు 2.396, ట్రిప్లెట్‌కి 2.908 రేడియన్ల ఫేజ్ షిఫ్టిస్తుంది. 1961లో భౌతికశాస్త్రవేత్త ష్వార్ట్జ్ తెచ్చిన కచ్చితమైన విలువలు 2.553, 2.9388. సింగ్లెట్‌లో తేడా ఎక్కువ చూశారా? ట్రిప్లెట్‌లో రెండు ఎలక్ట్రాన్లూ ఎడంగా ఉంటాయి. సింగ్లెట్‌లో దగ్గరికొస్తాయి, ఒకదాన్నొకటి తప్పించుకునే తీరు ఈ లెక్కలో లేదు. మీకు 2.396 బదులు మైనస్ 0.746 వస్తే కంగారొద్దు, ఆర్క్ ట్యాన్‌కి పై (π) తెలీదు. పై కలుపుకోండి.

ఇవి కుదిరాకే ఆర్గాన్. దాని పోలరైజబిలిటీ (ఆకారం ఎంత సులువుగా మారుతుందో చెప్పే అంకె) 11.08, అందులో సగాన్ని దూరం నాలుగో ఘాతంతో భాగించి, మైనస్ పెట్టి, లోపల పేలిపోకుండా ఒక కటాఫ్ తగిలించండి. 1921లో జర్మన్ భౌతికశాస్త్రవేత్త రామ్సావర్ చూసిన వింత కనపడాలి: సుమారు 0.3 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర క్రాస్ సెక్షన్ బాగా పడిపోతుంది. అక్కడ ఎస్-వేవ్ ఫేజ్ షిఫ్ట్ పై గుణిజాన్ని దాటుతుంది. ఎస్-వేవ్ మాయమయ్యాక మిగిలేది కోణీయ ద్రవ్యవేగం ఒకటి ఉన్న పి-వేవే కనక, ఇక్కడ దాన్నీ కలపాలి.

పిల్ల గీసిన మొదటి గ్రాఫులో గొయ్యి ఎక్కడో కుడివైపు పడింది. కటాఫ్ జరిపితే చోటుకొచ్చింది. "ఇది సిద్ధాంతం చెప్పింది కాదు, మనం సర్దింది. రిపోర్టులో అలాగే రాయమ్మా" అన్నాను. మొహం ముడుచుకుంది గానీ, రాసింది.