మన వీధిలో పనిచేసేవారెందరు? జాతీయ సర్వే పద్ధతిలో లెక్క వేసుకునే విధానం

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు కుటుంబాల్లో 'పని' అన్న మాటకు ఇంట్లో ఒక అర్థం ఉంది, ప్రభుత్వ సర్వేలో మరో అర్థం ఉంది. బరంపురం నేత వీధిలో పెరిగిన నాకు ఈ తేడా మా గుమ్మంలోనే తెలిసింది. కుటుంబ వివరాలు రాసుకోవడానికి వచ్చిన ఒకాయన "మీ ఇంటావిడ ఏం పని చేస్తారు?" అని అడిగితే, మా నాన్న "ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అని జవాబిచ్చారు. ఆ సమయానికి మా అమ్మ వెనక వసారాలో రాట్నం ముందు కూర్చుని మగ్గానికి కావలసిన నూలు కండెలు చుడుతోంది. ఆమె చుట్టకపోతే ఆ రోజు మగ్గం ఆడదు. నాన్న అబద్ధం చెప్పలేదు. ఆయన దృష్టిలో పని అంటే డబ్బు చేతికి వచ్చేది. జాతీయ సర్వే నిర్వచనం ప్రకారం మాత్రం మా అమ్మ శ్రామికురాలే, అయినా ఆ కాగితం మీద ఆమె గృహిణిగానే మిగిలిపోయింది.

తమ వీధిలోనో, ఊళ్లోనో ఉపాధి లెక్క తామే వేసుకోదలచిన ఉపాధ్యాయులకు, కళాశాల విద్యార్థులకు, పంచాయతీ సభ్యులకు ఉపయోగపడాలని ఈ పద్ధతిని వివరిస్తున్నాను. లెక్క ఒకసారి చేత్తో వేసి చూస్తే, పత్రికల్లో వచ్చే నిరుద్యోగ రేటును చదివే తీరు కూడా మారుతుంది.

ముందుగా దేశం ఈ లెక్క ఎలా వేస్తుందో కొంత తెలుసుకోవాలి. ఎం. ఎల్. దంత్‌వాలా అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం 1970లో ఇచ్చిన నివేదిక, మన దేశంలో సొంత సేద్యం, కుటుంబ వృత్తి, కూలి కలగలిసి ఉంటాయి కనుక పాశ్చాత్య దేశాల మాదిరిగా ఒకే ఒక్క సంఖ్యతో నిరుద్యోగాన్ని చెప్పడం సరికాదని అభిప్రాయపడింది. ఆ ఆలోచన మీదనే 1972-73 నుంచి జాతీయ నమూనా సర్వే సంస్థ సుమారు ఐదేళ్లకొకసారి ఉపాధి సర్వేలు జరిపింది. వాటిలో చివరిది 2011-12 నాటిది. వాటి స్థానంలో 2017 ఏప్రిల్‌లో పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే (శ్రామిక శక్తి సర్వే) మొదలైంది. 2025 జనవరి నుంచి దాని నమూనా పెరిగింది, జిల్లాయే నమూనా ఎంపికకు మూల విభాగమైంది, ఎంపికైన ప్రతి కుటుంబాన్ని వరుసగా నాలుగు నెలలు కలుస్తున్నారు, ఫలితాలు నెలనెలా వస్తున్నాయి.

ఇక మన లెక్క. మొదటి పని, ఇంటి సభ్యులెవరో తేల్చడం. ఒకే పొయ్యి మీద వండుకుని తింటూ సాధారణంగా కలిసి ఉండేవారే ఒక కుటుంబం. కొద్దికాలం బయటికి వెళ్లినవారిని కలుపుకోవాలి గాని, 6 నెలలు, అంతకు మించి దూరంగా ఉండేవారిని వదిలేయాలి. ఈ నియమం మన జిల్లాలకు చాలా ముఖ్యం. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లి ఏడాదంతా అక్కడే ఉండే యువకుడు సూరత్ లెక్కలోకి వెళ్తాడు, మన వీధి లెక్కలోకి రాడు. అతను పంపే డబ్బు ఇక్కడి ఇంటిని నడుపుతున్నా, ఇక్కడి ఉపాధి రేటులో అతని ఊసు ఉండదు. మరోవైపు, పర్లాకిమిడి నుంచి పొద్దున్నే పాతపట్నం వెళ్లి సాయంత్రానికి తిరిగివచ్చే మనిషి పనిచేసేది ఆంధ్రలోనైనా, నివాసం ఇక్కడే కనుక ఒడిశా శ్రామికుడిగానే నమోదవుతాడు. వలస ఉన్న వీధిలో దూరంగా ఉన్నవారి కోసం విడిగా ఒక కాగితం పెట్టుకోవాలని నా సలహా. సర్వే పద్ధతికి అది అక్కరలేదు, కాని వీధి పరిస్థితి అర్థం కావాలంటే కావాలి.

తరువాత 15 ఏళ్లు, ఆ పైబడిన వారి పేర్ల ఎదురుగా గత 365 రోజులు ఎలా గడిచాయో నెలల వారీగా రాయాలి. తారీఖులు ఎవరికీ గుర్తుండవు కాబట్టి సంక్రాంతి, రథయాత్ర, దసరా వంటి పండుగలను గుర్తులుగా పెట్టుకుని, వాటి మధ్య ఏం చేశారని అడిగితే జ్ఞాపకం తిన్నగా వస్తుంది. ప్రతి కాలానికీ మూడే సమాధానాలు ఉంటాయి: పని చేశారు, పని లేక వెతికారు లేదా దొరికితే చేయడానికి సిద్ధంగా ఉన్నారు, ఈ రెండూ కాదు.

ఇక్కడ తీర్పు రెండు మెట్లలో జరుగుతుంది, చాలామంది తడబడేది ఇక్కడే. కాశీనగర్ వైపు ఊళ్లో భూమిలేని ఒక వ్యక్తిని ఊహించుకోండి. ఏడాదిలో ఊడ్పులు, కోతలు, జీడితోట పనులు అన్నీ కలిపి 4 నెలలు పని దొరికింది. 5 నెలలు వెతికినా దొరకలేదు. మిగిలిన 3 నెలలు జబ్బుతో ఇంట్లో ఉన్నాడు. మొదటి మెట్టులో, పని చేసిన 4 నెలలూ వెతికిన 5 నెలలూ కలిస్తే 9, అది తక్కిన 3 కంటే ఎక్కువ కాబట్టి అతను శ్రామిక శక్తిలో, అంటే పనిచేసేవారు, పని వెతికేవారు కలిసిన లెక్కలో ఉన్నట్టు. రెండో మెట్టులో, వెతికిన 5 నెలలు పని చేసిన 4 నెలల కంటే ఎక్కువ కాబట్టి అతని ప్రధాన స్థితి నిరుద్యోగం. అయితే సర్వే ఇక్కడితో ఆగదు. ఏడాదిలో కనీసం 30 రోజులు ఏదైనా ఆర్థిక కార్యకలాపంలో ఉంటే దాన్ని అనుబంధ స్థితిగా తీసుకుంటుంది. ప్రధాన, అనుబంధ స్థితులు రెండూ కలిపి చూస్తే, ప్రధానంగా నిరుద్యోగి అయిన ఇదే మనిషి పనిలో ఉన్నవాడవుతాడు. వార్షిక నివేదికల్లో ప్రముఖంగా కనిపించే రేటు ఈ కలిపిన లెక్కే. పది నెలలు ఇల్లు చూసుకుని రెండు నెలలు ఊడ్పులకూ కోతలకూ వెళ్లే స్త్రీ కూడా ఇదే దారిలో శ్రామికురాలవుతుంది. అందువల్ల ఈ కొలత కొద్దిపాటి పనిని కూడా జారవిడవదు, కాని ఏడాదిలో ఎక్కువ భాగం పనికోసం పడే అవస్థను కప్పిపుచ్చుతుంది. రెండు సంగతులనూ కలిపే గుర్తుపెట్టుకోవాలి.

రెండో కొలత వారానికి సంబంధించినది. గత 7 రోజుల్లో ఏ ఒక్కరోజైనా కనీసం 1 గంట పనిచేస్తే ఆ వారానికి ఆ మనిషి ఉపాధిలో ఉన్నట్టే. పని అసలే లేక, ఏ రోజైనా ఒక గంటకైనా వెతికినా, సిద్ధంగా ఉన్నా నిరుద్యోగి. ఊడ్పుల వారంలో అడిగితే ఊరంతా పనిలో ఉంటుంది, మండు వేసవిలో అడిగితే సగం ఊరు ఖాళీగా కనిపిస్తుంది. 2023-24లో దేశంలో 15 ఏళ్లు పైబడిన వారి నిరుద్యోగ రేటు ఏడాది కొలతలో 3.2 శాతం, వారం కొలతలో 4.9 శాతం. రెండూ ఒకే సర్వే ఇచ్చినవి, రెండూ నిజమే. 2025 మే 15న విడుదలైన మొట్టమొదటి నెలవారీ నివేదికలో ఏప్రిల్ రేటు 5.1 శాతం అని వచ్చింది. అది వారం కొలత. దాన్ని ముందటేడాది 3.2తో పోల్చి నిరుద్యోగం ఒక్కసారిగా పెరిగిందని చెబితే ఆ పోలిక చెల్లదు.

ఏది పని, ఏది కాదు అన్న హద్దు దగ్గర ఎంత ఓపిక పట్టినా తక్కువే. ఇంటి తిండికి పండించుకున్న వరి పని కిందికే వస్తుంది. ఆ ధాన్యాన్ని ఇంటి కోసం దంచుకోవడం, వండటం, పిల్లలను చూసుకోవడం రావు. సవర గిరిజనుల గూడేల్లో అడవి నుంచి అడ్డాకులు తెచ్చి విస్తళ్లు కుట్టి సంతలో అమ్మే స్త్రీ స్వయం ఉపాధిలో ఉన్నట్టు. ఆమే అదే అడవి నుంచి ఇంటి పొయ్యికి కట్టెలు, కూరకు దుంపలు తెచ్చుకుంటే అది సర్వే పత్రంలో వేరే సంకేత సంఖ్య కింద, శ్రామిక శక్తి బయట నమోదవుతుంది. నడిచిన దూరం, మోసిన బరువు ఒకటే అయినా లెక్క రెండుగా చీలుతుంది. ఈ హద్దు నాకు న్యాయంగా తోచదు, అయినా మన లెక్కను జాతీయ లెక్కతో పోల్చాలంటే అదే హద్దును పాటించక తప్పదు. ఇంటి చాకిరీని కొలవడానికి 2019లోనూ 2024లోనూ జాతీయ సమయ వినియోగ సర్వే వేరుగా జరిగింది. ఇంటి పనుల్లో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు జీతంలేని ఆ పనికి వెచ్చిస్తున్నారని 2024 సర్వే చెప్పింది.

నేత ఇళ్లలో కండెలు చుట్టేవారు, పడుగు సిద్ధం చేసేవారు, కిరాణా కొట్టులో భర్త లేనప్పుడు కూర్చునేవారు, ఇంటి పొలంలో కలుపు తీసేవారు, వీరంతా 'కుటుంబ సంస్థలో సహాయకులు' అన్న పద్దు కిందికి వస్తారు. కూలి రాకపోయినా వారు శ్రామికులే. వీరిని పట్టుకోవాలంటే ప్రశ్న మారాలి. "పని చేస్తారా?" అని అడగకూడదు. "వదినా, నిన్న పొద్దున లేచింది మొదలు ఏమేం చేశారో చెప్పండి" అని అడిగి, వింటూ రాసుకోవాలి. ఇంటి పెద్ద ఒక్కడి నోటితో అందరి వివరాలూ తీసుకోకూడదు. ఎవరి సంగతి వారినే అడగాలి, వీలైతే ఆడవారిని ఆడపిల్లలే అడగాలి. మన సరిహద్దు ఊళ్లలో భాష కూడా అడ్డుపడుతుంది. ఒడియాలో అడిగిన ప్రశ్న తెలుగింటి ముసలామెకు సగమే అర్థమైతే, ఆమె క్లుప్తంగా "లేదు" అని ముగించేస్తుంది. అందుకే ప్రశ్నలను ముందే తెలుగులో రాసుకోవాలి, కొండ ఊళ్లకు వెళ్లేటప్పుడు సవర భాష వచ్చినవారిని వెంట తీసుకెళ్లాలి.

ఇంత శ్రద్ధ దేనికో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒక వీధిలో 15 ఏళ్లు పైబడినవారు 74 మంది అనుకోండి. ఇంటి పెద్దలను మాత్రమే అడిగితే 33 మంది పనిలో, ఇద్దరు వెతుకులాటలో ఉన్నట్టు తేలింది. పనిలో ఉన్నవారు, వెతికేవారు కలిస్తే శ్రామిక శక్తి, అంటే 35. దాన్ని 74తో భాగిస్తే శ్రామిక శక్తి భాగస్వామ్య రేటు 47.3 శాతం. 33ను 74తో భాగిస్తే శ్రామిక జనాభా నిష్పత్తి 44.6 శాతం. నిరుద్యోగ రేటుకు మాత్రం భాగహారం మారుతుంది, ఇద్దరిని 35తో భాగించాలి, 74తో కాదు. అది 5.7 శాతం. ఇప్పుడు ఆడవారిని విడిగా అడిగితే కండెలు చుట్టేవారు 9 మంది బయటపడ్డారనుకోండి. పనిలో ఉన్నవారు 42, శ్రామిక శక్తి 44 అవుతాయి, నిరుద్యోగ రేటు 4.5కు దిగుతుంది. వీధిలో ఎవరికీ కొత్తగా పని దొరకలేదు, అడిగిన తీరు మారింది. మూడోసారి "పని దొరికితే చేస్తారా?" అన్న ప్రశ్న కూడా చేర్చితే, వెతకడం మానేసిన ముగ్గురు అవునన్నారనుకోండి. మన దేశపు నిర్వచనంలో వెతకకపోయినా సిద్ధంగా ఉంటే చాలు కనుక నిరుద్యోగులు 5, శ్రామిక శక్తి 47, రేటు 10.6 అవుతుంది.

దేశం లెక్కలోనూ ఇటువంటి ప్రశ్న వేసుకోవలసిందే. 15 ఏళ్లు పైబడిన స్త్రీల భాగస్వామ్య రేటు 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. ఈ పెరుగుదలను చూసినప్పుడు స్వయం ఉపాధి, జీతం ఉద్యోగం, కూలి అన్న మూడు పద్దుల్లో ఏది పెరిగిందో చూడకుండా ఉద్యోగాలు వచ్చాయని గాని రాలేదని గాని తేల్చకూడదు. 2023-24లో పనిచేసేవారిలో 58.4 శాతం స్వయం ఉపాధిలోనే ఉన్నారు, జీతం లేని సహాయకులు కూడా అందులోనే కలిసి ఉంటారు. మన వీధి పట్టికలోనూ ఈ మూడు పద్దులకు వేర్వేరు గడులు గీసి, సహాయకులకు నాలుగో గడి పెట్టండి.

జనగణనతో పోల్చేటప్పుడు మరో చిక్కు ఉంది. 2011 జనగణన ప్రకారం శ్రామికులు జనాభాలో 39.8 శాతం. పీరియాడిక్ సర్వే 2023-24కు 58.2 శాతం అంటుంది. మొదటిది పసిపిల్లలతో సహా మొత్తం జనాభా మీద, రెండోది 15 ఏళ్లు పైబడినవారి మీద వేసినది. ఇదే సర్వే అన్ని వయసులకూ కలిపి ఇచ్చిన నిష్పత్తి 43.7 మాత్రమే. జనగణన 6 నెలలు, అంతకుమించి పనిచేసినవారిని ప్రధాన శ్రామికులుగా, తక్కువ చేసినవారిని ఉపాంత శ్రామికులుగా విడదీస్తుంది. కాబట్టి మీ కాగితంలో పనిచేసిన నెలల సంఖ్య ఉంటే, 2027 జనగణన ఫలితాలు వచ్చినప్పుడు వాటితోనూ పోల్చుకోవచ్చు. ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ ప్రతి నెలా ప్రకటించే చేరికల సంఖ్యను ఈ లెక్కలో కలపవద్దు. అది నిధిలో నమోదైన సభ్యుల లెక్క.

పూర్తయిన ప్రతి పట్టిక తలమీద సేకరించిన తేదీలు, కొలత ఏడాదిదా వారానిదా, ఏ వయసు నుంచి, ఎవరు జవాబిచ్చారు అన్న నాలుగు వివరాలు తప్పక రాయండి. పేర్లున్న కాగితాలను విడిగా భద్రపరచి, బయటికి మొత్తాలను మాత్రమే చూపాలి. ఎందుకంటే ఎవరి ఇంట్లో పని లేదో వీధికంతటికీ తెలియజేసే హక్కు మనకు లేదు. మొదటి లెక్క ఊడ్పుల కాలంలో వేసినట్లయితే, రెండోది ఎండలు ముదిరిన నెలలో అవే ఇళ్లకు వెళ్లి, అవే ప్రశ్నలతో వేయండి.