మీ ఊళ్లో శరణార్థుల హోటల్, మీ పేటకు ప్రభుత్వ నిధులు: బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు అసలు సంగతి తెలుసుకుని తమ మాట ఎలా చెప్పాలి?

2024 ఆగస్టు మొదటి వారంలో ఇక్కడి మన వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకటే టెన్షన్. సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు చిన్నపిల్లల్ని పొడిచి చంపినవాడు పడవలో వచ్చిన శరణార్థి అని ఒక అబద్ధం దేశమంతా పాకింది. అతను పుట్టింది కార్డిఫ్‌లోనే అని పోలీసులు చెప్పినా ఆగలేదు. రోథరమ్ దగ్గర లోపల మనుషులు ఉండగానే, శరణు కోరినవాళ్లను ఉంచిన హోటల్‌కి నిప్పు పెట్టబోయారు. మన పిల్లలు ఎంతోమంది చదువుకునే మిడిల్స్‌బరోలో కార్లు ఆపి, లోపల ఉన్నది తెల్లవాళ్లేనా అని అడిగారు. భారత హైకమిషన్ జాగ్రత్తలు చెప్పాల్సి వచ్చింది.

అది సద్దుమణిగింది కానీ ఫార్వర్డ్‌లు ఆగలేదు. ఈమధ్య మా గ్రూపులో ఒకాయన "మన పార్కు డబ్బంతా హోటల్‌లో ఉన్నవాళ్లకి పోతోంది" అని పెడితే పది మంది అవునవును అన్నారు, అందులో ఒక్కరు కూడా ఎక్కడ చూశారో చెప్పలేదు. అలాంటి మెసేజ్ వచ్చినప్పుడు ఏం చేయాలో, ఆ తర్వాత మన పేట కోసం ఏం అడగొచ్చో రాస్తున్నాను.

ముందు, డబ్బు ఎవరి చేతిలో ఉందో చూడండి

శరణు కోరినవాళ్ల దరఖాస్తు మీద నిర్ణయం, వాళ్ల వసతి, రెండూ హోమ్ ఆఫీస్ (ఇక్కడి హోం శాఖ) పని. హోటల్ బిల్లు మీ కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) కట్టదు. కొత్తగా వచ్చినవాళ్ల మీద మొదటి ఏడాది పెట్టే ఖర్చులో కొంత విదేశీ సాయం బడ్జెట్ లెక్కలోకి వెళ్తుంది. వెనకబడిన పేటలకు ఇచ్చే నిధులు మాత్రం హౌసింగ్, కమ్యూనిటీల శాఖవి. కాబట్టి ఒక హోటల్ మూసేస్తే ఆ డబ్బు మీ వీధి పార్కుకు వచ్చి పడదు.

అలాగని కౌన్సిల్ మీద భారమే లేదనను. శరణార్థి హోదా వచ్చాక కొన్ని వారాల్లో ఆ వసతి ఖాళీ చేయాలి. అంత తొందరగా ఇల్లు దొరక్క చాలామంది నేరుగా కౌన్సిల్ హౌసింగ్ ఆఫీసుకే వస్తారు. అద్దెలు తక్కువ అని వీళ్లకు ఇళ్లు చూసేది ఎక్కువగా పేద ఊళ్లలోనే కాబట్టి, అసలే డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకని చోట ఇంకా కష్టమవుతుంది. ఆ బాధ నిజమే.

కానీ ఖర్చు ఎందుకు పెరిగిందో కూడా చూడండి. పదేళ్ల వసతి కాంట్రాక్టులకు మొదట వేసిన అంచనా 450 కోట్ల పౌండ్లు, అది 1,530 కోట్లకు చేరుతుందని బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం 2025 మేలో చెప్పింది. 2024-25 మొదటి ఏడు నెలల్లో హోటళ్లలో ఉన్నది 35 శాతం మందే, అయినా కాంట్రాక్టుల ఖర్చులో 76 శాతం హోటళ్లకే పోయింది. శరణు దరఖాస్తుల ఫైళ్లు ఏళ్ల తరబడి కదలకపోతే మనుషులు హోటళ్లలోనే ఉండిపోతారు. దానికి గదిలో కూర్చున్నవాణ్ని తిట్టడం అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే.

నిర్ణయం ఎలా జరుగుతుందో ఒకసారి తెలుసుకోండి

ముందు చిన్న ఇంటర్వ్యూ, తర్వాత అసలు ఇంటర్వ్యూ, ఆపైన హోమ్ ఆఫీస్ ఉద్యోగి నిర్ణయం. 1951 శరణార్థుల ఒప్పందం ప్రకారం జాతి, మతం, దేశీయత, రాజకీయ అభిప్రాయం, లేదా ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెందడం వల్ల సొంత దేశంలో హింస తప్పదన్న భయానికి సరైన ఆధారం ఉందా అని చూస్తారు. కాదంటే సాధారణంగా 14 రోజుల్లో ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవాలి. నిర్ణయం కోసం ఏడాది ఎదురుచూశాక గానీ పని చేసుకోవడానికి అనుమతి అడగలేరు, అది కూడా కొన్ని రకాల ఉద్యోగాలకే. సొంతంగా వండుకునే చోట ఉంటే చేతికిచ్చేది మనిషికి వారానికి 49 పౌండ్ల 18 పెన్నీలు.

మనం వీసా ఫీజు కట్టి, పైన ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి కట్టి, ప్రభుత్వ సాయం ఏదీ తీసుకోకుండా బతుకుతున్నాం కాబట్టి "వాళ్లకు మాత్రం ఊరికే ఇస్తారా" అని మనసులో మెదలడం సహజం. నాకూ అనిపించింది. వారానికి 49 పౌండ్లతో బస్సు చార్జీలు, బట్టలు, తిండి ఎలా సర్దుకోవాలో ఒకరోజు కాగితం మీద లెక్క వేసి చూశాక ఆ మాట మళ్లీ అనలేదు.

రూల్స్ త్వరగా మారుతున్నాయి. శరణార్థి హోదాను 30 నెలలకోసారి సమీక్షిస్తామని, మామూలు దారిలో శాశ్వత నివాసానికి 20 ఏళ్లు పడుతుందని హోమ్ సెక్రటరీ షబానా మహమూద్ 2025 నవంబర్‌లో ప్రకటించారు. అందుకే ఏది చదివినా తేదీ చూడండి, తర్వాత ప్రభుత్వ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

ఇంకొక్క మాట, ఇది ముఖ్యంగా స్టూడెంట్ వీసా అయిపోతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. "అసైలం వేసేయ్, నేను చూసుకుంటా" అనే ఏజెంట్ మాట వినకండి. కట్టుకథతో వేస్తే చిక్కుల్లో పడేది మీరు, డబ్బు తీసుకునేది వాడు. ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వాలంటే సొలిసిటర్, బారిస్టర్ లాంటి లాయర్ అయినా కావాలి, ఇమ్మిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో రిజిస్టర్ అయినా ఉండాలి. రెండూ లేకుండా ఇవ్వడం ఇక్కడ నేరం. నిజంగా ప్రాణభయం ఉన్నవాళ్లు మాత్రం ఆలస్యం చేయకుండా అలాంటి అర్హత ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లండి.

మీ పేట ఎక్కడుందో చూసుకోండి

ఇంగ్లండ్‌ను దాదాపు 1,500 మంది ఉండే చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఆదాయం, ఉద్యోగం, చదువు, ఆరోగ్యం, నేరాలు, ఇళ్లు-సేవలు, పరిసరాలు అని ఏడు లెక్కల మీద ఏ పేట ఎంత వెనకబడిందో ర్యాంకులిస్తారు. కొత్త ర్యాంకులు 2025 అక్టోబర్‌లో వచ్చాయి. ఎసెక్స్ తీరంలోని జేవిక్‌లో ఒక భాగం మళ్లీ అట్టడుగునే ఉంది. ఆన్‌లైన్ మ్యాప్‌లో మీ పోస్ట్‌కోడ్ కొడితే మీ ముక్క ఏ పదో వంతులో ఉందో కనిపిస్తుంది. ఒకటి అని వస్తే దేశంలో బాగా వెనకబడిన పది శాతంలో ఉన్నట్టు. అది పేటకు ఇచ్చిన ర్యాంకు, అక్కడున్న ప్రతి ఇల్లూ పేదదని కాదు.

తర్వాత "ప్రైడ్ ఇన్ ప్లేస్" జాబితా చూడండి. 2025 సెప్టెంబర్‌లో ప్రకటించిన ఈ పథకంలో ఎంపికైన ఒక్కో ప్రాంతానికి పదేళ్లలో 2 కోట్ల పౌండ్ల దాకా వస్తాయి. అల్లర్లు చూసిన హార్టిల్‌పూల్ కూడా ఇలాంటి నిధుల జాబితాలో ఉంది. డబ్బు దేనికి ఖర్చుపెట్టాలన్న ప్లాన్ వేయడానికి స్థానికులతో నైబర్‌హుడ్ బోర్డు ఉంటుంది.

ఇప్పుడు అడగండి

మీ ప్రాంతం జాబితాలో ఉంటే కౌన్సిల్‌కు ఈమెయిల్ రాసి బోర్డు సమావేశం ఎప్పుడో, జనం అభిప్రాయం ఎలా తీసుకుంటున్నారో కనుక్కోండి. వెళ్లినప్పుడు ఒక్క విషయం, స్పష్టంగా చెప్పండి. ఫలానా వీధిలో లైట్లు లేవు, నైట్ షిఫ్ట్ నుంచి వచ్చే కేర్ వర్కర్లు భయపడుతున్నారు అంటే రాసుకుంటారు. "డెవలప్‌మెంట్ కావాలి" అంటే తలూపి వదిలేస్తారు.

లెక్కలు కావాలంటే సమాచార హక్కు ఉంది. మన ఆర్టీఐ లాంటిదే, ఇక్కడ 2000లో చట్టం చేశారు, పౌరసత్వం అక్కర్లేదు. పార్కుకు ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది అని రాసి పంపితే 20 పనిదినాల్లో జవాబివ్వాలి. మా గ్రూపులో ఆ ఫార్వర్డ్ పెట్టినాయనతోనే కూర్చుని ఈ దరఖాస్తు రాయించాను. మా ఎంపీ ఆఫీసుకు కూడా ఒక కాపీ పంపాం.

ఓటు సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. భారతదేశం కామన్‌వెల్త్ దేశం కాబట్టి, ఇక్కడ ఉండటానికి చెల్లే వీసా ఉన్న భారత పౌరులు 18 ఏళ్లు నిండితే స్థానిక ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటు వేయొచ్చు. స్టూడెంట్ వీసా అయినా సరే. ఆన్‌లైన్‌లో పేరు, చిరునామా, పుట్టినతేదీ, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఇస్తే ఐదు నిమిషాల పని. పోలింగ్‌కు 12 పనిదినాల ముందే నమోదు ముగుస్తుంది కాబట్టి ఈ ఆదివారమే చేసేయండి. బూత్‌లో ఫొటో గుర్తింపు కార్డు అడుగుతారు, మన ఇండియన్ పాస్‌పోర్ట్ చూపిస్తే సరిపోతుంది.