గనిపై ప్రజాభిప్రాయ సేకరణ: అభ్యంతరాన్ని రికార్డుకెక్కించే విధానం

ఊరి పక్కన గని తవ్వకానికి దరఖాస్తు పడిందని తెలియగానే చాలామంది ప్రజాభిప్రాయ సేకరణను ఓటింగుగా భావించి, ఎక్కువమంది వద్దంటే గని ఆగిపోతుందని నమ్ముతారు. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌లో అలాంటి నియమం లేదు. సభకు కోరం (కనీస హాజరు) అక్కర్లేదు, ఓట్ల లెక్క ఉండదు. అక్కడ వెలిబుచ్చిన ముఖ్యమైన పర్యావరణ అభ్యంతరాలకు కంపెనీ తన పర్యావరణ ప్రభావ మదింపు తుది నివేదికలో సమాధానం చెప్పాలి, అనుమతిని సిఫారసు చేసే నిపుణుల కమిటీ దాన్ని పరిశీలించాలి. కాబట్టి రాతపూర్వకంగా, ఆధారంతో ఇచ్చిన అభ్యంతరానికే బలం ఎక్కువ.

సభకు కనీసం 30 రోజుల ముందు కాలుష్య నియంత్రణ మండలి పత్రికల్లో నోటీసు ఇవ్వాలి. ఆ ప్రకటన కత్తిరింపును భద్రపరచుకోండి. గడువు తగ్గితే అదే మొదటి అభ్యంతరం అవుతుంది. ముసాయిదా నివేదిక కలెక్టర్ కార్యాలయంలో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూడటానికి దొరకాలి, దాని సారాంశం తెలుగులో కూడా ఉండాలి.

అసలు శ్రమంతా నివేదిక చదవడంలోనే ఉంది. గని చుట్టూ సాధారణంగా 10 కిలోమీటర్ల పరిధిని అధ్యయనం చేసినట్టు రాస్తారు గనుక, ఆ పరిధిలోని మీ చెరువు, వాగు, తాగునీటి బోర్లు, బడి అందులో ఉన్నాయో లేవో ముందుగా సరిచూడండి. తవ్వకం భూగర్భ జలమట్టం కంటే లోతుకు వెళ్తుందా, తోడిన నీటిని ఎక్కడికి వదులుతారు, పైమట్టి గుట్టలు ఏ వాలులో పోస్తారు, లారీలు ఏ రోడ్డు మీద నడుస్తాయి అన్న ప్రశ్నలకు జవాబులు వెతకండి. వాగే లేదని నివేదిక చెబితే, ఆ పేజీ సంఖ్య రాసి, గ్రామ పటం నకలు, తేదీ ఉన్న ఫోటో జతచేసి, తిరిగి సర్వే చేయించాలని కోరండి. ఉద్దేశపూర్వకంగా తప్పుడు సమాచారం ఇచ్చినా, దాచినా దరఖాస్తును తిరస్కరించవచ్చని, ఇచ్చిన అనుమతిని రద్దు చేయవచ్చని అదే నోటిఫికేషన్ చెబుతుంది. "పర్యావరణం పాడవుతుంది" అన్న ఒక్క వాక్యాన్ని తోసిపుచ్చడం ఎవరికైనా సులువే, పేజీ సంఖ్యతో అడిగిన ప్రశ్నను దాటవేయడం కష్టం.

సభకు కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మీ అర్జీని రెండు ప్రతులతో ఇచ్చి ఒకదానిపై ముద్ర, తేదీ వేయించుకోండి. మాట్లాడేటప్పుడు పేరు, ఊరు చెప్పి అర్జీలోని అంశాలనే క్లుప్తంగా వినిపించండి, వీడియోలో అవి నమోదవుతాయి. చివర్లో సభా సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. చాలామంది అప్పటికే వెళ్లిపోతారు, అలా వెళ్లకూడదు. మీ అంశం వదిలేస్తే అక్కడికక్కడే చేర్చమని అడగండి.

బి2 వర్గంలోకి వచ్చే చిన్న గనులకు ఈ సభే ఉండదు; అప్పుడు అనుమతి ఇచ్చే రాష్ట్ర పర్యావరణ ప్రభావ మదింపు సంస్థకు నేరుగా రాయాలి.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన గిరిజన ప్రాంతాల్లో, పరిస్థితి వేరు. అక్కడి ప్రభుత్వ భూములను గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వరాదని విశాఖ మన్యంలోని అనంతగిరి మండలం గనుల వివాదంలో, సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో, సుప్రీంకోర్టు 1997లో తీర్పునిచ్చింది. ఒడిశాలోని నియమగిరి కొండల బాక్సైట్ గని విషయంలో 2013లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలినప్పుడు, 12 గ్రామసభలూ గనిని తిరస్కరించాయి. ప్రజాభిప్రాయ సేకరణ జరిగినంత మాత్రాన గ్రామసభ జరిగినట్టు కాదు. అటవీ హక్కులు తేలకుండా సమ్మతి తీర్మానం మీద సంతకాలు అడిగితే, ఆ సంగతి తీర్మానంలోనే రాయించండి.

అనుమతి వచ్చేస్తే 30 రోజుల్లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలు చేయవచ్చు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ఆలస్యాన్ని మన్నిస్తారు, ఆ తర్వాత దారి మూసుకుంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నైలోని దక్షిణ ప్రాంత ధర్మాసనానికి వెళ్తాయి. ముద్ర వేయించుకున్న అర్జీ, సభా మినిట్స్, తుది నివేదికలోని కంపెనీ జవాబు, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఏ అంశానికి జవాబు రాలేదో అప్పీలులో మొదట చూపించండి.