మ్యాచులు లేని నెలల్లో బేస్‌బాల్ వార్తలు చదవడం ఎలా?

నవంబరు మొదలయ్యేసరికి సీజన్ చివరి టైటిల్ పోరు, వరల్డ్ సిరీస్ ముగుస్తుంది. మళ్లీ అసలు ఆట మొదలయ్యేది మార్చి చివర్లో. ఈలోగా ఆట ఉండదు కానీ, మాటలకు మాత్రం సెలవుండదు. 2021లో నేను డాలస్‌కు వచ్చిన కొత్తలో నాకు మింగుడుపడనిది ఇదే. వేసవిలో మ్యాచ్ గురించి అడిగితే ముక్తసరిగా జవాబిచ్చే మా ఆఫీసు పక్క సీటాయన, నవంబరు చివరి వారం రాగానే మారిపోయారు. మైక్రోవేవ్‌లో నా అన్నం వేడెక్కే రెండు నిమిషాల్లో మూడు జట్ల జాతకాలు చెప్పేవారు. ఎవరో షార్ట్‌స్టాప్ అట, పదేళ్లట, 32.5 కోట్ల డాలర్లట, దానిమీద ఏదో పన్నట. క్రికెట్ తెలిసినవాళ్లకు బేస్‌బాల్ ఆట నాలుగైదు మ్యాచులు చూస్తే పట్టుబడుతుంది. ఈ చలికాలపు కబుర్లు మాత్రం ఎవరైనా పక్కన కూర్చుని చెప్పాల్సిందే.

అమెరికన్లు ఈ కాలాన్ని ‘హాట్ స్టవ్’ అంటారు. పూర్వం ఊళ్లో కొట్టు దగ్గర పొయ్యి చుట్టూ చేరి, వచ్చే ఏడాది ఎవరు ఏ జట్టులో ఉంటారని వాదించుకునేవారట. మన రచ్చబండను నాలుగు గోడల మధ్యకు తెచ్చి, మధ్యలో ఓ పొయ్యి పెట్టినట్టు ఊహించుకోండి.

1. ముందు క్యాలెండర్‌లో గుర్తులు పెట్టుకోండి

ఐపీఎల్ వేలం అలవాటైన మనకు మొదటి తికమక ఇక్కడే. వేలంలో ఒకటి రెండు రోజుల్లో తేలిపోతుంది. ఎవరు పాడితే ఆటగాడు వాళ్ల సొంతం, అతని ఇష్టాయిష్టాలతో పని లేదు. ఇక్కడ సుత్తి దెబ్బ లేదు. కాంట్రాక్టు తీరిపోయిన ఆటగాడు జట్లతో మాట్లాడి, తానే ఎంచుకుంటాడు. అందుకే బేరం నెలల తరబడి సాగుతుంది.

ఇలా కాంట్రాక్టు తీరినవాళ్లే ‘ఫ్రీ ఏజెంట్లు’. వరల్డ్ సిరీస్ అయిన ఐదు రోజులకు వీళ్లు ఏ జట్టుతోనైనా సంతకం చేయవచ్చు. నవంబరు మధ్యలో ‘క్వాలిఫయింగ్ ఆఫర్’ గడువు ఉంటుంది. పాత జట్టు తన పేరున్న ఆటగాడికి ఒక్క ఏడాదికి ఇవ్వజూపే మొత్తమిది. అత్యధిక జీతాలున్న 125 మంది సగటు తీసి లెక్కకడతారు, 2025లో అది 2.2 కోట్ల డాలర్లు దాటింది. ఆటగాడు కాదని వేరే జట్టుకు వెళితే, ఆ కొత్త జట్టు కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో కొంత నష్టపోతుంది. డిసెంబరు మొదట్లో వింటర్ మీటింగ్స్. అన్ని జట్ల పెద్దలూ, ఆటగాళ్ల తరఫున బేరమాడే ఏజెంట్లూ ఒకే హోటల్లో దిగుతారు, విలేకరులు లాబీలో కాపు కాస్తారు. ఫిబ్రవరి రెండో వారం దాటాక బంతి విసిరే పిచర్లు, దాన్ని అందుకునే క్యాచర్లు శిబిరాలకు చేరతారు. ఈ నాలుగు గుర్తులు చాలు.

నేను వచ్చిన ఏడాది మాత్రం క్యాలెండర్ తలకిందులైంది. డిసెంబరు 2న యజమానులు లాకవుట్ ప్రకటించారు. 99 రోజులు సంతకాలు బంద్. లీగ్ వెబ్‌సైట్‌లో ఆటగాళ్ల ఫొటోలు సైతం తీసేసి, ఖాళీ తలకాయ బొమ్మలు పెట్టారు. పక్క సీటాయన ఆ డిసెంబరంతా వాతావరణం గురించి మాట్లాడారు. ఆ గొడవ తర్వాత యజమానులకూ ఆటగాళ్లకూ మధ్య కుదిరిన ఒడంబడిక గడువు 2026 డిసెంబరు 1 వరకే, కాబట్టి ఆ తేదీని కూడా గుర్తు పెట్టుకోండి.

2. ఎవరు స్వేచ్ఛగా ఉన్నారో తెలుసుకోండి

ఫ్రీ ఏజెంట్ కావాలంటే అన్నిటికంటే పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తి కావాలి. ఏడాది అంటే 172 రోజులు. మొదటి మూడేళ్లూ సాధారణంగా జట్టు ఇచ్చిందే జీతం. తర్వాత మూడేళ్లూ బేరం కుదరకపోతే మధ్యవర్తుల దగ్గరకు వెళ్లవచ్చు. జట్టు ఒక అంకె చెబుతుంది, ఆటగాడు ఒకటి చెబుతాడు. మధ్యవర్తులు ఆ రెంటిలో ఒకదాన్నే ఎంచుకోవాలి. మధ్యే మార్గం లేదు.

ఈ 172 అనే అంకె ఎంత పనిచేస్తుందో చూడాలంటే అప్పట్లో షికాగో కబ్స్ ఆటగాడైన క్రిస్ బ్రయంట్ సంగతి వినండి. 2015లో అతణ్ణి కబ్స్ సీజన్ మొదటి రోజున కాకుండా ఏప్రిల్ 17న కింది (మైనర్) లీగ్ నుంచి పైకి పిలిచింది. ఆ ఏడాది అతనికి లెక్కకు వచ్చినవి 171 రోజులు. ఒక్క రోజు తక్కువ! ఆ ఒక్క రోజుతో అతని స్వేచ్ఛ ఏడాది వెనక్కి జరిగింది. కావాలనే చేశారని ఫిర్యాదు చేస్తే, 2020లో తీర్పు జట్టు వైపే వచ్చింది. కాబట్టి కుర్ర ఆటగాణ్ణి ‘ఇంకా కాస్త పదును పెట్టాలి’ అంటూ ఏప్రిల్ మధ్యదాకా కింద ఉంచారని వార్త వస్తే, ముందు వేళ్లమీద రోజులు లెక్కపెట్టండి.

ఈ మాత్రం స్వేచ్ఛ కూడా ఊరికే రాలేదు. 1969లో సెయింట్ లూయీ జట్టు తనను ఫిలడెల్ఫియాకు మార్చేస్తే, కర్ట్ ఫ్లడ్ వెళ్లనని మొండికేసి సుప్రీంకోర్టు దాకా పోరాడాడు. 1972లో ఓడిపోయాడు. మరో ఇద్దరు పిచర్ల కేసులో 1975 డిసెంబరులో మధ్యవర్తి ఇచ్చిన తీర్పుతో తలుపు తెరుచుకుంది. ఆ ఫలం ఫ్లడ్‌కు దక్కలేదు.

3. వార్తలో క్రియను చూడండి, పేరును కాదు

శీర్షికలో పెద్ద ఆటగాడి పేరు కనబడగానే కళ్లు అక్కడే ఆగిపోతాయి. వాక్యం చివరిదాకా వెళ్లండి. ‘ఆసక్తి చూపుతోంది’ అంటే ఏమీ లేదని అర్థం. మంచి ఆటగాడిమీద ఆసక్తి లేని జట్టు ఎక్కడుంటుంది? ‘చర్చలు జరుగుతున్నాయి’ అంటే ఫోను మోగింది. ‘అంగీకారానికి వచ్చారు’ అంటే కాస్త కుదురుగా కూర్చోవచ్చు. జట్టు తానే ప్రకటిస్తే అప్పుడు టీ పెట్టుకోండి. ‘పేరు చెప్పని మరో జట్టు కూడా రంగంలో ఉంది’ అనే వాక్యం వస్తే మాత్రం నవ్వుకోండి. ఆ పేరులేని జట్టు వల్ల ధర పెరిగితే లాభం ఎవరికి? ఏజెంటుకే కదా.

2023 డిసెంబరు 8, శుక్రవారం. జపాన్ మేటి ఆటగాడు షొహెయ్ ఒహ్తానీ ఏ జట్టుకు వెళతాడని ప్రపంచమంతా ఎదురుచూస్తోంది. టొరంటోకే వెళుతున్నాడని వార్త పొక్కింది. దక్షిణ కాలిఫోర్నియా నుంచి టొరంటోకు ఓ ప్రైవేటు విమానం బయల్దేరిందని ఎవరో కనిపెట్టారు. విమానాల జాడ చూపే వెబ్‌సైట్‌లో ఆ చిన్న బొమ్మ కెనడా వైపు జరుగుతుంటే, వేలమంది అభిమానులు పని మానేసి చూస్తూ కూర్చున్నారు. విమానం దిగింది. అందులోంచి దిగినవాడు రాబర్ట్ హెర్జావెక్ అనే కెనడా వ్యాపారవేత్త. ఒహ్తానీ కాలిఫోర్నియాలోనే ఉన్నాడు. మర్నాడు లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కు వెళుతున్నానని ఇన్‌స్టాగ్రామ్‌లో తానే చెప్పాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అంతకు ముందు ఏడాది ఇంకో వేడుక. ఆరన్ జడ్జ్ శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళుతున్నట్టుందని ఓ విలేకరి హడావుడిగా రాశాడు. ఆ తొందరలో ‘ఆరన్’ కాస్తా ‘ఆర్సన్’ అయింది. ఆ మాటకు ఇంగ్లీషులో అర్థం గృహదహనం. నిమిషాల్లో వార్తను తీసేశాడు. జడ్జ్ తొమ్మిదేళ్లకు 36 కోట్ల డాలర్లతో న్యూయార్క్ యాంకీస్‌లోనే ఉండిపోయాడు.

4. వైద్య పరీక్ష అయ్యేదాకా ఆగండి

ఒప్పందం వార్తల చివర ‘వైద్య పరీక్షకు లోబడి’ అనే ముక్క ఒకటి తోకలా వేలాడుతుంటుంది. తాంబూలాలు పుచ్చుకోవడం వేరు, తాళి కట్టడం వేరు. ఈ రెంటి మధ్యా ఏమవుతుందో చెప్పడానికి కార్లోస్ కొరెయా ఒక్కడు చాలు.

2022 డిసెంబరులో ఈ షార్ట్‌స్టాప్‌తో (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ 13 ఏళ్లకు 35 కోట్ల డాలర్ల అంగీకారం కుదుర్చుకుంది. డిసెంబరు 20న విలేకరుల సమావేశం పెట్టారు. ఇంకొన్ని గంటల్లో ఉందనగా దాన్ని రద్దు చేశారు. 2014లో మైనర్ లీగ్‌లో ఆడుతున్నప్పుడు దెబ్బతిని శస్త్రచికిత్స చేయించుకున్న కుడి కాలు వైద్యులకు అనుమానం పుట్టించింది. తెల్లారేసరికి న్యూయార్క్ మెట్స్‌తో 12 ఏళ్లు, 31.5 కోట్లు అన్నారు. మెట్స్ వైద్యులూ అదే కాలు చూసి అక్కడే ఆగిపోయారు. చివరికి జనవరిలో పాత జట్టు మినెసోటా ట్విన్స్ ఆరేళ్లకు 20 కోట్లు ఇచ్చి తీసుకుంది. నెల తిరక్కుండా మూడు సంబంధాలు, 15 కోట్ల డాలర్ల తేడా!

అమ్మ తరఫున భారతీయ మూలాలున్న పిచర్ కుమార్ రాకర్‌కూ ఈ చేదు తెలుసు. 2021లో కుర్రాళ్ల డ్రాఫ్ట్‌లో అతణ్ణి పదో స్థానంలో మెట్స్ ఎంచుకుంది, 60 లక్షల డాలర్లకు మాట కుదిరింది. వైద్య నివేదిక చూశాక సంతకం పెట్టలేదు. మరుసటి ఏడాది మా టెక్సస్ రేంజర్స్ మూడో స్థానంలోనే తీసుకుంది. 2024 సెప్టెంబరులో అతను మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. కుమార్ అన్న పేరు వినబడినప్పుడల్లా నేను ఫోనులో స్కోరు చూస్తాను. అభిమానానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

5. పెద్ద అంకెను విడగొట్టండి

ఒక కాగితం తీసుకోండి. మొత్తం ఎంత, ఎన్నేళ్లు, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది, మధ్యలో ఎవరు తప్పుకోవచ్చు అని నాలుగు గళ్లు గీయండి.

ఒహ్తానీ పదేళ్లకు 70 కోట్ల డాలర్లు. కానీ ఆడే పదేళ్లూ డాడ్జర్స్ నుంచి ఏటా అతనికి అందేది 20 లక్షలే. మిగిలిన 68 కోట్లు 2034 నుంచి 2043 వరకు, వడ్డీ లేకుండా. చిట్టీలు వేసేవాళ్లకు ఇది వెంటనే వెలుగుతుంది. తొలి నెలలోనే పాట పాడుకున్నవాడు తక్కువ చేతిలోకి తీసుకుంటాడు, ఎందుకంటే ఇవాళ్టి రూపాయి రేపటి రూపాయికంటే బరువైనది. ఒహ్తానీ చిట్టీ చివరిదాకా పాడకుండా కూర్చున్నవాడు. అందుకే పన్ను లెక్కకోసం (ఆ పన్ను సంగతి ఆరో మెట్టులో) లీగ్ అతని విలువను ఏటా 7 కోట్లుగా కాక, సుమారు 4.6 కోట్లుగా కట్టింది.

2024 డిసెంబరులో హువాన్ సోటో అనే ఆటగాడికి మెట్స్ ఇచ్చింది 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లు. మన లెక్కలో ఆరు వేల కోట్ల రూపాయల పైమాటే. ఇందులో వాయిదా పైసా లేదు. ఐదేళ్ల తర్వాత సోటో తప్పుకోవచ్చు. వద్దనుకుంటే మెట్స్ మిగతా పదేళ్లకూ ఏటా 40 లక్షలు పెంచి అతణ్ణి ఆపుకోవచ్చు. ఈ రెండు ఒప్పందాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, శీర్షికలో కనిపించిన ఆరున్నర కోట్ల తేడా నిజానికి ఎంత పెద్దదో తెలుస్తుంది.

వాయిదా అన్నాక మెట్స్ పాత ఆటగాడు బాబీ బొనీయా పేరు రాకుండా ఉండదు. 2000లో మెట్స్ అతనికి 59 లక్షల డాలర్లు బాకీ. అప్పుడు కట్టకుండా 8 శాతం వడ్డీకి వాయిదా వేసుకుంది. ఫలితంగా 2011 నుంచి 2035 వరకు ప్రతి జులై 1న అతనికి 11.9 లక్షల డాలర్లు ముడుతున్నాయి. ఆట మానేసి ఎంతకాలమైనా సరే. అభిమానులు ఆ రోజును పండగలా తలచుకుంటారు, మెట్స్ అభిమానులు తప్ప.

కాగితంమీద చోటుంటే ఇంకో గడి గీయండి: ఇష్టం లేకుండా మార్చకూడదనే షరతు ఉందా? 2025 నవంబరులో మెట్స్ నుంచి బ్రాండన్ నిమో మా జట్టుకు, ఇక్కడినుంచి మార్కస్ సెమియెన్ అక్కడికి మారారు. నిమోకు ఆ షరతు ఉంది. అతను సరేనన్నాకే పని జరిగింది.

6. పన్ను గీతను ఓసారి చూసుకోండి

జీతాలమీద పైకప్పు లేదు, పన్ను ఉంది. జట్టు మొత్తం జీతాలు ఓ గీత దాటితే ఆ జట్టే కట్టాలి. 2025లో గీత 24.1 కోట్ల డాలర్లు. దాటిన మొత్తంమీద మొదటి ఏడాది 20 శాతం, వరుసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది నుంచి 50. మరీ ఎత్తుకు దాటితే అదనపు వడ్డనలు. జట్టు ఉన్నట్టుండి మంచి ఆటగాణ్ణి వదిలేస్తే, ఈ గీతకు ఎంత దగ్గరగా ఉందో చూడండి.

7. ఎవరి చోటు పోయిందో వెతకండి

నాకు అన్నిటికంటే నచ్చే మెట్టు ఇది. ప్రతి జట్టు జాబితాలో 40 చోట్లే ఉంటాయి. నిండిన జాబితాలోకి ఒకరు వచ్చారంటే ఒకరు పోవాల్సిందే. శీర్షికంతా వచ్చినవాడిది, వార్త చివరి పంక్తి పోయినవాడిది. అతణ్ణి వారంలోగా వేరే జట్టు తీసుకోవచ్చు, లేదా కింది లీగ్‌కు పంపవచ్చు, లేదా వదిలేయవచ్చు. ఆఫీసులో మాట కలపాలంటే ‘ఒప్పందం బాగుందా?’ అని అడగకండి. దానికి అందరి దగ్గరా జవాబుంది. ‘ఇతను వస్తే ఎవరి చోటు పోతుంది?’ అని అడగండి. నేను మొదటిసారి ఈ ప్రశ్న వేసినప్పుడు పక్క సీటాయన కుర్చీ నావైపు తిప్పుకున్నారు.

8. మార్కులు వేయడానికి తొందరపడకండి

ఆయన చెప్పిన 32.5 కోట్ల షార్ట్‌స్టాప్ కోరీ సీగర్. అదే వారంలో ఏడేళ్లకు 17.5 కోట్లతో సెమియెన్ వచ్చాడు. ఇద్దరికీ కలిపి 50 కోట్ల డాలర్లు. 2022లో రేంజర్స్ 94 మ్యాచులు ఓడింది. ఆ చలికాలం జేకబ్ డెగ్రామ్ అనే మేటి పిచర్‌ను ఐదేళ్లకు 18.5 కోట్లిచ్చి తెచ్చారు. 2023లో అతను ఆరు మ్యాచులే వేసి మోచేతి శస్త్రచికిత్సకు వెళ్లాడు. మా అంతస్తులో వెటకారాలు మిన్నంటాయి. అదే 2023లో రేంజర్స్ తన చరిత్రలో మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది, అందులో ఉత్తమ ఆటగాడు సీగర్.

ఫిబ్రవరిలో శిబిరాలు తెరుస్తారు. 15 జట్లు ఫ్లోరిడాకు, 15 అరిజోనాకు. రేంజర్స్ వెళ్లేది అరిజోనాలో సర్‌ప్రైజ్ అనే ఊరికి, నిజంగానే ఆ ఊరి పేరు అదే. ఆ రోజు నుంచి పక్క సీటాయన మళ్లీ ముక్తసరిగా మాట్లాడతారు. మైక్రోవేవ్ దగ్గర ఇక నేనే ఎవరో ఒకరిని పట్టుకుని నలభయ్యో చోటు గురించి చెప్పాలి.