పాత బొమ్మ కీబోర్డుతో అనలాగ్ సింథ్: మోగకపోతే, శ్రుతి తప్పితే ఎక్కడ వెతకాలి

బొమ్మ కీబోర్డులోంచి మీటలు, రబ్బరు ప్యాడ్లు, డబ్బా మాత్రం ఉంచుకుని, నల్లటి జిగురు బొట్టు కింద ఉన్న చిప్పును పక్కన పెట్టి, ఒకసారికి ఒకే స్వరం పలికే అనలాగ్ సింథ్ (సింథసైజర్) కట్టేవారికి ఇవి పనికొస్తాయి. కింద చెప్పే అంకెలన్నీ ఈ అమరికను బట్టి వేసినవి.

25 మీటలు. మీటకూ మీటకూ మధ్య 100 ఓంల, 1 శాతం రెసిస్టర్లు 24. గొలుసు అడుగున 1.2 కిలోఓంలు. పైనుంచి 0.833 మిల్లీఆంపియర్ల స్థిర కరెంటు. దీనివల్ల అట్టడుగు మీట దగ్గర 1 వోల్టు, చిట్టచివరి పై మీట దగ్గర 3 వోల్టులు ఉంటాయి. స్వరస్థానానికి 83.3 మిల్లీవోల్టులు, స్థాయికి 1 వోల్టు. మీట నొక్కితే ఆ వోల్టేజి ఉమ్మడి తీగ మీదకు వస్తుంది. ఆ తీగకు 330 కిలోఓంల పుల్‌డౌన్ (మీట వదిలాక తీగను 0కి లాగే రెసిస్టర్). అక్కడి నుంచి టీఎల్072 బఫర్, 47 కిలోఓంలు, సీడీ4066 స్విచ్, 100 నానోఫారడ్ల హోల్డ్ కెపాసిటర్ (వేలు తీశాక కూడా వోల్టేజిని పట్టి ఉంచేది), మళ్లీ ఒక బఫర్. ఆసిలేటర్ సీడీ40106తో, 5 వోల్టుల మీద. వాల్యూమును నడిపేది ఎల్‌ఎం13700. కరెంటు రెండు 9 వోల్టుల బ్యాటరీల నుంచి. తెరిచి ఉన్న బోర్డును గోడ ప్లగ్గుకు పెట్టే అడాప్టర్‌తో పరీక్షించకండి.

ముందు ఈ ఒక్క పరీక్ష

శ్రుతి తప్పగానే అందరి చెయ్యీ ఆసిలేటర్ ట్రిమ్మర్ (తిప్పి విలువ సరిచేసే చిన్న రెసిస్టర్) మీదకే పోతుంది. తప్పు చాలాసార్లు అక్కడ ఉండదు. హోల్డ్ తర్వాతి బఫర్ అవుట్‌పుట్ మీద మల్టీమీటర్ పెట్టి, ఒక మీట నొక్కి పట్టుకోండి. వోల్టేజి కదలకుండా స్వరం కదిలితే తప్పు ఆసిలేటర్‌ది. వోల్టేజే కదులుతుంటే మీటల వైపు వెతకాలి. ఇది తేలకుండా ఒక్క ట్రిమ్మర్ కూడా తిప్పవద్దు. రెండు చోట్లా తిప్పితే ఏది ఎక్కడ ఉండేదో తర్వాత పట్టుకోలేరు.

మీటర్‌ను నేరుగా కెపాసిటర్ మీద పెట్టకండి. మామూలు డిజిటల్ మీటర్ ఇన్‌పుట్ 10 మెగాఓంలు. 100 నానోఫారడ్లను అది సెకనులోనే మూడింట రెండు వంతులు ఖాళీ చేసేస్తుంది. బాగున్న హోల్డ్ కూడా కారుతున్నట్టే కనిపిస్తుంది.

ఏ మీట నొక్కినా చప్పుడు లేదు

మీట నొక్కి ఎల్‌ఎం393 కంపారేటర్ (ఉమ్మడి తీగ వోల్టేజిని బట్టి మీట నొక్కి ఉందో లేదో చెప్పేది) అవుట్‌పుట్ చూడండి. 0 మీదే ఉండిపోతే చాలావరకు పుల్‌అప్ మరిచిపోయినట్టే. ఈ ఐసీ అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్, తనంతట తాను పైకి లేవలేదు. అవుట్‌పుట్‌కూ 5 వోల్టులకూ మధ్య 10 కిలోఓంలు పెట్టండి. కంపారేటర్ సరిగ్గా మారుతున్నా శబ్దం లేకపోతే ఆసిలేటర్ బఫర్ దగ్గర, ఆ తర్వాత ఎల్‌ఎం13700 దగ్గర వినండి. ఈ ఐసీ కంట్రోల్ పిన్నును రెసిస్టర్ లేకుండా సప్లైకి తగిలిస్తే ఐసీ పోతుంది. ఆ పిన్నుకు గరిష్ఠం 2 మిల్లీఆంపియర్లు. సగం దాటకుండా ఉంచుకుంటే మంచిది.

కొన్ని మీటలు రెండు చోట్ల ఒకే స్వరం పలుకుతున్నాయి

బొమ్మ బోర్డు మీద పాత మాట్రిక్స్ ట్రాకులు ఇంకా మిగిలాయని అర్థం. తయారైనప్పుడు మీటలు అడ్డువరసలు, నిలువువరసలుగా కలిసి ఉంటాయి, మన గొలుసుకు ప్రతి మీటకూ విడి తీగ కావాలి. మీటర్‌ను కంటిన్యుటీలో పెట్టి పక్కపక్క మీటల ప్యాడ్లను జంటలుగా తడమండి. బీప్ వచ్చిన ప్రతిచోటా ట్రాకును కత్తిమొనతో రెండు గీతలు గీసి, మధ్య రాగిని లేపేయండి. ఒక్క గీత చాలదు, సన్నని రాగి పొడి మళ్లీ కలిపేస్తుంది. మీటల పక్కనున్న చిన్న డయోడ్లను కూడా పీకేయాలి. ఒక్కటి మిగిలినా ఆ మీట వోల్టేజి కిందికి జారుతుంది, వేడిని బట్టి మారుతుంది కూడా.

పై మీటలు తగ్గి పలుకుతున్నాయి, గట్టిగా నొక్కితే సరిపోతున్నాయి

గట్టిగా నొక్కితే మారడమే ఆనవాలు. రబ్బరు అడుగున ఉన్న కార్బన్ ప్యాడ్ అరిగింది, లేదా మురికి పట్టింది. బాగున్న ప్యాడ్ కొన్ని వందల ఓంలు చూపిస్తుంది, అరిగితే 10 కిలోఓంలు దాటుతుంది. 330 కిలోఓంల పుల్‌డౌన్‌తో కలిసి ఆ 10 కిలోఓంలు వోల్టేజిలో దాదాపు 3 శాతం తినేస్తాయి. 3 వోల్టుల మీట దగ్గర అది 88 మిల్లీవోల్టులు, అంటే ఒక స్వరస్థానం పైనే. 1 వోల్టు దగ్గర 29 మిల్లీవోల్టులే. అందుకే ఒకేలా అరిగిన ప్యాడ్లలో పై మీటల మీదే అపస్వరం ముందు వినిపిస్తుంది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో ముందు బోర్డు మీద వేళ్లలా అల్లిన నల్లటి కాంటాక్టులను, తర్వాత రబ్బరు ప్యాడ్లను తుడవండి. దూది నల్లబడడం సహజమే, అది తగ్గిన దగ్గర ఆపేయండి. గరుకు కాగితం మాత్రం వాడకండి, కార్బన్ పొర పలచగా ఉంటుంది, ఒకసారి గీసుకుపోతే తిరిగి రాదు. తుడిచాక కూడా 2 కిలోఓంలకు దిగని ప్యాడ్ మీద కండక్టివ్ కార్బన్ పెయింట్ సన్నగా పూసి, ఒక రాత్రి ఆరనివ్వండి.

వేలు తీయగానే స్వరం కిందికి జారిపోతోంది

స్వరం మెల్లగా ఆగేలా రిలీజ్ పెట్టుకున్నవారికి ఇది బాగా తెలుస్తుంది. మీట వదిలాక ఉమ్మడి తీగ 3 వోల్టుల నుంచి 0కి పడుతుంది. కంపారేటర్ గీటు (అది మారే వోల్టేజి) దాటేదాకా సీడీ4066 ఇంకా కలిపే ఉంచుతుంది కాబట్టి కెపాసిటర్ కూడా ఆ పతనాన్ని వెంబడిస్తుంది. పుల్‌డౌన్ 1 మెగాఓం, కెపాసిటర్ ముందు 1 కిలోఓం, గీటు 0.5 వోల్టులు పెడితే జారుడు ఖాయం.

మూడూ కలిపి మార్చాలి. పుల్‌డౌన్ 330 కిలోఓంలు చేస్తే తీగ త్వరగా పడుతుంది. కెపాసిటర్ ముందు 47 కిలోఓంలు పెడితే ఆ కొద్ది కాలంలో అది వెంబడించలేదు. గీటును 0.85 వోల్టులకు, అట్టడుగు మీటకు కాస్త కిందికి, తెస్తే స్విచ్ త్వరగా తెగిపోతుంది. తీగ, ప్యాడ్లు కలిపి 100 పికోఫారడ్ల దాకా ఉన్నా జారుడు 10 మిల్లీవోల్టుల దగ్గర ఆగిపోతుంది, చెవికి పెద్దగా తెలియదు. 47 కిలోఓంల వల్ల కొత్త స్వరం పూర్తిగా కుదురుకోవడానికి పాతిక మిల్లీసెకన్ల దాకా పట్టవచ్చు. పుల్‌డౌన్‌ను ఇంకా తగ్గించాలనిపిస్తుంది గానీ తగ్గించకండి. పైన చెప్పిన ప్యాడ్ల దోషం అంత మేరా పెరుగుతుంది.

వేలు తీశాక స్వరం నెమ్మదిగా, సెకన్ల మీద, కదులుతోంది

ఇది వేరే జబ్బు, హోల్డ్ కెపాసిటర్ కారుతోంది. 100 నానోఫారడ్ల మీద 1 నానోఆంపియర్ కారితే సెకనుకు 10 మిల్లీవోల్టులు పోతాయి. ఎలక్ట్రోలిటిక్ పెట్టి ఉంటే తీసేసి పాలియెస్టర్ గానీ పాలిప్రొపిలీన్ గానీ పెట్టండి. కెపాసిటర్ మంచిదే అయితే దాని కాళ్ల చుట్టూ టంకం వేసినప్పుడు మిగిలిన ఫ్లక్స్ అనుమానించండి. గాలిలో తేమ ఎక్కువైన రోజుల్లో దోషం పెరిగితే ఫ్లక్సే. ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది పూర్తిగా ఆరనివ్వండి.

రెండు మీటలు కలిపి నొక్కితే రెండూ కాని స్వరం

కరెంటు స్థిరంగా ఉండి, కాంటాక్టులు లోహానివైతే కింది మీట స్వరం ఖచ్చితంగా వస్తుంది. స్థిర కరెంటు బదులు స్థిర వోల్టేజి ఇచ్చి ఉంటే స్వరం పైకి లేస్తుంది. మధ్య రెసిస్టర్లు షార్ట్ అయి కరెంటు పెరగడమే కారణం. కరెంటు సోర్స్ పెడితే పోతుంది. కార్బన్ ప్యాడ్ల సంగతి వేరు. వాటి వందల ఓంలు గొలుసును పూర్తిగా షార్ట్ చేయనివ్వవు, స్వరం రెండింటి మధ్యలో తేలుతుంది. ఈ అమరికలో దానికి మందు లేదు. ఒక వేలు తీశాకే మరో వేలు పెట్టి వాయించాలి, లేదంటే లోహపు కాంటాక్టులకు మారాలి.

కింది మీటలు ఒక్కసారిగా కీచుమంటున్నాయి

టీఎల్072ను 0, 9 వోల్టుల మధ్య నడుపుతున్నారు. ఇన్‌పుట్ నెగటివ్ సప్లైకి మరీ దగ్గరైతే దాని అవుట్‌పుట్ తలకిందులై పైకి ఎగురుతుంది. నెగటివ్ వైపు రెండో బ్యాటరీ ఇవ్వండి.

వోల్టేజి నిలకడగానే ఉంది, శ్రుతి మాత్రం తేలుతోంది

ఇప్పుడు ఆసిలేటర్. ఎక్స్‌పొనెన్షియల్ భాగంలో (వోల్టు పెరిగిన ప్రతిసారీ స్వరాన్ని రెట్టింపు చేసేది) ట్రాన్సిస్టర్ బేస్ దగ్గర స్థాయి అంతా 18 మిల్లీవోల్టుల్లో ఇమిడిపోతుంది. ఒక డిగ్రీ సెల్సియస్‌కు బేస్, ఎమిటర్ల మధ్య వోల్టేజి దాదాపు 2 మిల్లీవోల్టులు మారుతుంది. ఒక్క ట్రాన్సిస్టరే ఉంటే ఆ డిగ్రీకి స్వరస్థానం పైనే తప్పుతుంది. పక్కన ఊపిరి వదిలినా శ్రుతి కదిలేది అందుకే. బీసీ547కు జోడీగా బీసీ557 పెట్టి, రెండింటి చదును ముఖాలు ఎదురెదురుగా అతికించి, పైన హీట్‌ష్రింక్ తొడగండి. ఒకదాని మార్పును మరొకటి రద్దు చేయాలంటే రెండూ ఒకే వేడిలో ఉండాలి. పవర్ పెట్టి పది నిమిషాలు ఆగాకే శ్రుతి చేయండి.

టైమింగ్ కెపాసిటర్ 2.2 నానోఫారడ్లు ఎన్‌పీ0 రకానిదై ఉండాలి. ఎక్స్7ఆర్ సిరామిక్ వేడికి మారుతుంది. సీడీ40106 ష్మిట్ గీట్లు (అది మారే వోల్టేజిలు) సప్లైని బట్టి కదులుతాయి కాబట్టి దానికి 78ఎల్05 రెగ్యులేటర్ తప్పనిసరి. బ్యాటరీ 7 వోల్టుల కిందికి దిగితే రెగ్యులేటర్ 5 వోల్టులు నిలపలేదు, శ్రుతి నెమ్మదిగా తేలడం మొదలవుతుంది. బిగ్గరగా వాయించినప్పుడే వణికితే స్పీకరును నడిపే ఎల్‌ఎం386 యాంప్లిఫయర్ అదే బ్యాటరీని లాగేస్తోంది. దానికి వేరే బ్యాటరీ ఇవ్వండి.

స్థాయిలు కుదరడం లేదు

హోల్డ్ వోల్టేజిని ట్రాన్సిస్టర్ బేస్‌కు దించే విభాజకంలో 100 కిలోఓంల కింద 1.5 కిలోఓంలు, వరుసలో 1 కిలోఓం మల్టీటర్న్ ట్రిమ్మర్ ఉండాలి. ఈ కింది రెండూ కలిపి 1.83 కిలోఓంల దగ్గర కుదురుతుంది. కింది మీటను 110 హెర్ట్జ్‌కు తెచ్చి, స్థాయి పై మీట వినండి. 220 దాటితే ట్రిమ్మర్ విలువ తగ్గించండి, చాలకపోతే పెంచండి. ట్రిమ్మర్ తిప్పగానే కింది స్వరం కూడా కదులుతుంది, మళ్లీ 110కి తెచ్చి మొదటి నుంచి. నాలుగైదు విడతల్లో దారికొస్తుంది.

మొదటి స్థాయి కుదిరి, పైకి పోయేకొద్దీ స్వరం తగ్గిపోతుంటే కారణం రీసెట్ కాలం. స్వరం ఏదైనా కెపాసిటర్ తిరిగి నిండడానికి అవే కొన్ని మైక్రోసెకన్లు పడతాయి. పై స్వరాల్లో ఆవృత్తి కాలమే చిన్నది కాబట్టి ఆ వాటా పెద్దదవుతుంది. 2.2 నానోఫారడ్ల బదులు 1 నానోఫారడ్ పెడితే రీసెట్ సగానికి దిగుతుంది, ట్రాన్సిస్టర్ కరెంటు కూడా తగ్గుతుంది. పై స్వరాల్లో శబ్దం పూర్తిగా ఆగిపోతే ట్రాన్సిస్టర్ లాగే కరెంటును 40106 ఇవ్వలేకపోతోంది. కలెక్టర్‌కు వరుసగా 10 కిలోఓంలు పెట్టండి.

స్వరం గరగరమంటోంది, లేదా మీట నొక్కిన ప్రతిసారీ టప్పుమంటోంది

ఎల్‌ఎం13700 ఇన్‌పుట్ పదుల మిల్లీవోల్టులు దాటితే శబ్దం చెడుతుంది. 5 వోల్టుల సిగ్నల్‌ను 100 కిలోఓంలు, 220 ఓంల విభాజకంతో 11 మిల్లీవోల్టులకు దించండి. టప్పుమనేది గేట్ (మీట నొక్కినట్టు చెప్పే వోల్టేజి) ఒక్కసారిగా లేవడం వల్ల. అటాక్ (శబ్దం సున్నా నుంచి పూర్తిగా పెరిగే కాలం) కనీసం 1 మిల్లీసెకను ఉండేలా చిన్న రెసిస్టర్ కలపండి. ఆ తర్వాతా వినిపిస్తే ఆ ఐసీ రెండు ఇన్‌పుట్ల మధ్య ఆఫ్‌సెట్ ఉంది. సిగ్నల్ లేకుండా మీటను పదేపదే నొక్కుతూ, చప్పుడు అతి తక్కువయ్యేదాకా ఆఫ్‌సెట్ ట్రిమ్మర్ తిప్పండి.