వెబ్‌మెయిల్ ఫిల్టర్ ఎక్కడ నడుస్తోందో తేల్చుకుని, సరైన చోట పెట్టుకోవడం ఎలా?

వెబ్‌మెయిల్ సెట్టింగుల్లో ‘ఫిల్టర్లు’ అన్న పేజీ కనబడగానే, వచ్చిన మెయిళ్లను సర్దడానికి అక్కడ రాసిన నియమాలన్నీ సర్వర్‌లోనే నడుస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి మెయిల్ సర్వర్‌కు వెబ్‌మెయిల్ కూడా ఒక క్లయింటే, అంటే సర్వర్ నుంచి మెయిళ్లు తెచ్చి చూపే ప్రోగ్రామే. థండర్‌బర్డ్ అనే డెస్క్‌టాప్ మెయిల్ ప్రోగ్రామ్ మన కంప్యూటర్ నుంచి ఐమ్యాప్ (సర్వర్‌లోని మెయిళ్లను చదివే పద్ధతి) ద్వారా లాగిన్ అయి మెయిళ్లు ఎలా తెచ్చుకుంటుందో, రౌండ్‌క్యూబ్, స్క్విరెల్‌మెయిల్ వంటి వెబ్‌మెయిల్ ప్రోగ్రాములు కూడా అలాగే తెచ్చుకుంటాయి. కాకపోతే అవి మన కంప్యూటర్‌లో కాక వేరే చోట కూర్చుని ఆ పని చేస్తాయి. కాబట్టి నియమాన్ని ఏ తెర మీద రాశామన్నది ముఖ్యం కాదు, దాన్ని ఎవరు, ఏ క్షణంలో అమలు చేస్తున్నారన్నదే ముఖ్యం.

స్క్విరెల్‌మెయిల్‌తో వచ్చే ఫిల్టర్ల ప్లగిన్‌నే (అదనపు భాగాన్నే) తీసుకోండి. మనం లాగిన్ అయినప్పుడో, ఫోల్డర్ల పట్టిక రిఫ్రెష్ అయినప్పుడో అది ఇన్‌బాక్స్‌ను వెదికి, నియమానికి సరిపడిన మెయిళ్లను వేరే ఫోల్డర్‌లోకి తరలిస్తుంది. మనం లాగిన్ కాని రోజున అది ఏ పనీ చేయదు, ఆ రోజు వచ్చిన మెయిళ్లన్నీ ఇన్‌బాక్స్‌లోనే పోగుపడి ఉంటాయి. ఫోన్‌లో మెయిల్ వచ్చినట్టు గంట మోగి, వెబ్‌మెయిల్ తెరిచిన కాసేపటికి ఆ మెయిల్ ఫోన్ ఇన్‌బాక్స్ నుంచి మాయమవుతుంటే, మీ ఫిల్టర్ ఈ కోవదేనని అనుమానించవచ్చు.

అనుమానం తీర్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష చాలు. ‘పరీక్ష’ అనే ఫోల్డర్ ఒకటి తయారుచేసి, మామూలు మెయిళ్లలో ఎన్నడూ రాని ఒక పదం సబ్జెక్టులో ఉంటే ఆ మెయిల్‌ను అందులోకి పంపమని నియమం రాయండి. తర్వాత వెబ్‌మెయిల్ నుంచి లాగౌట్ అయి, డెస్క్‌టాప్ మెయిల్ ప్రోగ్రాములన్నీ మూసివేసి, మరో చిరునామా నుంచి ఆ పదంతో మెయిల్ పంపండి. ఫలితాన్ని మాత్రం ఫిల్టర్లేవీ లేని ఫోన్ యాప్‌లోనే చూడాలి. ఆత్రపడి వెబ్‌మెయిల్‌ను తెరిస్తే, తెరవడమే ఫిల్టర్‌ను నడిపించి మెయిల్‌ను ఫోల్డర్‌లో చేర్చేస్తుంది, మీరేమో సర్వరే ఆ పని చేసిందని నమ్మేస్తారు. మెయిల్ అప్పటికే ‘పరీక్ష’లో ఉంటే నియమం సర్వర్‌లో నడిచినట్టు, ఇన్‌బాక్స్‌లోనే ఉంటే క్లయింట్ కోసం ఎదురుచూస్తున్నట్టు.

సర్వర్ వైపు ఫిల్టర్లకు ఎక్కువగా వాడే భాష సీవ్, అంటే జల్లెడ. ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాలైన ఆర్‌ఎఫ్‌సీల్లో 2001లో ఆర్‌ఎఫ్‌సీ 3028గా వెలువడిన ఈ ప్రమాణాన్ని 2008లో ఆర్‌ఎఫ్‌సీ 5228గా తిరగరాశారు. మెయిల్‌ను పెట్టెలో వేసే చివరి క్షణంలో డవ్‌కాట్, సైరస్ వంటి మెయిల్ సర్వర్లు సీవ్‌లో రాసిన నియమాల జాబితాను, అంటే స్క్రిప్టును, నడుపుతాయి. నియమాలేవీ సరిపడకపోతే మెయిల్ దానంతటదే ఇన్‌బాక్స్‌లో పడుతుంది. సీవ్ మూల భాషలో లూపులు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఆదేశాలు) లేకపోవడం లోపం కాదు. ఒకరి స్క్రిప్టు సర్వర్‌ను స్తంభింపజేయకుండా ఉద్దేశపూర్వకంగానే అలా ఉంచారు. రౌండ్‌క్యూబ్‌లోని మేనేజ్‌సీవ్ ప్లగిన్ గానీ, హోర్డ్ అనే మరో వెబ్‌మెయిల్‌లో ఫిల్టర్లు చూసుకునే ఇంగో గానీ మనం ఫారంలో నింపిన నియమాలను సీవ్‌గా మార్చి సర్వర్‌కు చేరవేయగలవు. స్క్రిప్టులను సర్వర్‌కు చేరవేసే పద్ధతి పేరు కూడా మేనేజ్‌సీవే, దానికి కేటాయించిన పోర్టు (నెట్‌వర్క్ ద్వారం సంఖ్య) 4190. ఫిల్టర్ల పేజీలో ‘ఫిల్టర్ సెట్లు’ అన్న మాట కనబడితే తెర వెనుక సీవ్ ఉందనుకోవచ్చు.

ఒక్కో సెట్ అంటే ఒక్కో సీవ్ స్క్రిప్టు, ఈ సెట్ల దగ్గరే నేను ఒకసారి దెబ్బతిన్నాను. ఒక వినియోగదారుకు ఒక సమయంలో ఒక్క స్క్రిప్టే క్రియాశీలంగా ఉంటుంది. సెలవు సందేశం పెట్టుకుందామని వేరే ప్రోగ్రామ్ వాడితే, అది తన స్క్రిప్టును తాను సృష్టించుకుని దాన్నే క్రియాశీలం చేసింది. నా పాత నియమాలు చెక్కుచెదరకుండా అక్కడే ఉన్నాయి, కాని ఒక్కటీ పనిచేయలేదు, దోష సందేశం కూడా రాలేదు. కనుక సీవ్ స్క్రిప్టును ఒకే ఉపకరణంతో సవరించడం అలవాటు చేసుకోండి.

నియమాలు పైనుంచి కిందికి నడుస్తాయి కాబట్టి, ఒక మెయిల్ రెండు ఫోల్డర్లలో పడకూడదనుకుంటే ఒక్కో నియమం చివర ‘స్టాప్’ (ఇక కింది నియమాలు చూడవద్దనే ఆదేశం) ఉంచాలి. మెయిలింగ్ లిస్టులకు సబ్జెక్టును కాక లిస్ట్-ఐడీ హెడర్‌ను, అంటే మెయిల్ ఏ లిస్టుదో చెబుతూ దాని తలభాగంలో ఉండే గుర్తును, చూడమనండి. సబ్జెక్టును ఎవరైనా మార్చవచ్చు, లిస్ట్-ఐడీ జోలికి మాత్రం సాధారణంగా ఎవరూ వెళ్లరు. ‘డిస్కార్డ్’ చర్య మెయిల్‌ను చప్పుడు లేకుండా పారేస్తుంది, పంపినవారికీ తెలియదు, మీకూ తెలియదు. అందుకే కొత్త నియమాన్ని కొన్ని వారాల పాటు ఫోల్డర్‌లోకి పంపేదిగానే ఉంచి, తప్పుగా పట్టుబడిన మెయిళ్లు ఏమీ లేవని చూసుకున్నాకే పారేయడం గురించి ఆలోచించాలి. ఫోల్డర్ పేరు మార్చినప్పుడు నియమంలోనూ పేరు మారిందో లేదో చూడండి.

అన్నీ సర్వర్‌కే అప్పగించడమూ కుదరదు. మొదటి నుంచి చివరి దాకా ఎన్‌క్రిప్ట్ అయిన మెయిల్ లోపలి పాఠం సర్వర్‌కు కనబడదు. మీ కంప్యూటర్‌లోని చిరునామాల పుస్తకమూ, స్థానిక ఫోల్డర్లూ దానికి అందవు. నియమం రాయకముందే వచ్చి పడిన మెయిళ్లను కూడా సీవ్ మామూలుగా ముట్టుకోదు. పాత కుప్పను సర్దడానికి థండర్‌బర్డ్‌లో ఫోల్డర్ మీద ఫిల్టర్లు నడిపించే ఏర్పాటు హాయిగా ఉంటుంది. మీ సర్వర్‌లో సీవ్ అసలే లేకపోతే, ఎప్పుడూ నడుస్తూ ఉండే ఒకే ఒక్క కంప్యూటర్‌లో ఫిల్టర్లు పెట్టుకోవడం మేలు.

క్లయింట్ నుంచి సర్వర్‌కు మారేటప్పుడు ముందు సీవ్ నియమం రాసి, పైన చెప్పిన పరీక్ష చేసి, అది నెగ్గిన వెంటనే పాత నియమాన్ని ఆపేయండి. తరలించే నియమం రెండు చోట్లా ఉంటే పెద్ద నష్టం లేదు గానీ, నకలు తీసేదో, వేరే చిరునామాకు పంపేదో అయితే ప్రతి మెయిల్ రెండేసి సార్లు చేరుతుంది.